పొగ పోయిన నిప్పునే ఇంట్లోకి తెచ్చుకుంటాం

నమస్తే అండి. ఈ రోజు ఒక బొగ్గుల కుంపటి గురించి చెప్పాలి.

కందుకూరు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరు. అప్పట్లో అది ప్రకాశం జిల్లా. నా చిన్నప్పుడు మా పిన్ని పురిటికి అక్కడికే వచ్చింది. నవంబరు నెల, ముసురు పట్టి వదలట్లేదు. బాలింత గది ఎలా ఉంటుందో మీకు తెలుసు. కిటికీలు మూసేసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కి, మంచం పక్కన కుంపటి, అందులో సాంబ్రాణి. ఒక రాత్రి పిన్నికి తల పగిలిపోయే నొప్పి, వాంతి, కళ్ళు తిరగడం. తోడు పడుకున్న పెద్దమ్మకీ తలనొప్పే. అమ్మమ్మ ఒకటే మాట అంది: దిష్టి. పిన్నికి కాళ్ళలో సత్తువ లేదు. ఇద్దరు పట్టుకుని పసిబిడ్డతో సహా వాకిట్లోకి తెచ్చి కూర్చోబెట్టారు. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. కాసేపటికి పిన్ని తేరుకుంది.

పేరు దిష్టికొచ్చింది. పని చేసింది వాకిట్లో గాలి. ఆ రాత్రి ఎవరూ రక్తపరీక్ష చేయలేదు, నిజమే. కానీ మూసిన గది, బొగ్గులు, ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి, బయటికి రాగానే తగ్గడం... అది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పనేనని నా నమ్మకం.

అమ్మమ్మది అజాగ్రత్త అనుకోకండి. కుంపటి పెరట్లోనే రాజేసింది. పొగంతా పోయి, బొగ్గులు కణకణలాడేదాకా ఆగి, అప్పుడు లోపలికి తెచ్చింది. ఎవరైనా అంతే చేస్తారు. తిరకాసంతా అక్కడే. ఈ వాయువు పొగ కాదు. అడుగున బొగ్గు కాలితే పుట్టే కార్బన్ డయాక్సైడ్, పైనున్న ఎర్రటి బొగ్గుల మధ్య నుంచి వస్తూ కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. కుంపటి మీద సన్నగా నీలం మంట ఆడుతుంటుంది చూశారా? కాలుతున్నది ఈ వాయువే. కాలకుండా మిగిలింది గదిలో చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. వంట గ్యాస్‌కి కూడా సొంత వాసన ఉండదు, లీకైతే తెలియాలని కలుపుతారు. దీనికి కలిపేవాళ్ళెవరు?

ఒంట్లో ఏం చేస్తుందంటే, రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి ఇది అతుక్కుపోతుంది. ఆ పట్టు ఆక్సిజన్ పట్టు కన్నా 200 రెట్లకు పైనే. గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటుంది కదా. ఈ వాయువు 0.1 శాతం ఉన్నా చాలు, కొన్ని గంటలు పీలిస్తే రక్తంలో దాదాపు సగం దీని చేతిలోకి పోతుంది. మనిషి ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, గుండెకీ మెదడుకీ మాత్రం ఆక్సిజన్ అందదు. కడుపులో బిడ్డకైతే తల్లి కన్నా ఎక్కువ ప్రమాదం.

ఇక బావులు. ప్రకాశం మెట్ట ఊళ్ళలో పెద్దవాళ్ళని అడగండి. పంపు నీళ్ళని కింద నుంచి పీల్చగలిగేది మహా అయితే 25 అడుగులు. అందుకని నీళ్ళు లోతుకు పోయే కొద్దీ ఆయిల్ ఇంజన్‌ని కూడా బావిలోకి దించేవాళ్ళు. ఇప్పుడు మోటార్లొచ్చాయి గానీ, పూడిక తీసేటప్పుడు పెట్రోలు పంపుసెట్టు దించేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంజన్ వదిలే పొగలోనూ ఈ వాయువు ఉంటుంది. దిగేముందు దీపం దించి చూస్తారు, ఆరకపోతే దిగొచ్చని. ఆ దీపం ఆక్సిజన్ తక్కువైతే చెబుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ని చెప్పదు. మనిషిని చంపేంత ఉన్నా దీపం హాయిగా వెలుగుతూనే ఉంటుంది. బ్రిటన్ బొగ్గు గనుల వాళ్ళు దీపం ఒక్కటే చాలదనే పంజరంలో పిట్టల్ని కూడా తీసుకెళ్ళారు, 1980ల దాకా. ఈ వాయువుకి మనిషి కన్నా ముందే పిట్ట సోలిపోతుంది. కాబట్టి ఇంజన్ పైనే ఉండాలి. లోపల మనిషి పడిపోతే వెంటనే ఇంకొకరు దూకొద్దు. దూకితే ఇద్దరు పోతారు, మూడోవాడూ దూకితే ముగ్గురు.

ఊళ్ళో సంగతి అలా ఉంచితే, టౌన్లో జనరేటర్ ఉంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, దానికి ముందు నెల్లూరులో వాన దంచికొట్టింది. కరెంటు లేదు. మా వీధిలో ఒకాయన జనరేటర్ని మెట్ల కింద పెట్టి షట్టర్ సగం దించాడు. "అన్నా, బయట పెట్టన్నా" అంటే, "తడుస్తుంది తమ్ముడూ, సగం తెరిచే ఉందిగా" అన్నాడు. సగం చాలదండి. మెట్ల దారి పొగగొట్టంలా పని చేసి పై అంతస్తులకు పంపుతుంది. కిటికీలకు, తలుపులకు కనీసం 20 అడుగుల దూరంలో, నాలుగు వైపులా తెరిచి ఉన్న రేకుల కింద పెట్టాలి. ఆయన చివరికి పెట్టాడు, నన్ను తిట్టుకుంటూ.

గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల ఉంటే బయటికి మార్పించండి, ఇందులో బేరం లేదు. కారు ఆగిన చోట ఏసీ వేసుకుని అద్దాలు మూసి నిద్రపోవద్దు. స్టవ్ మంట నీలంగా కాక పసుపుగా వస్తూ, గిన్నెల అడుగు మసిబారుతుంటే మెకానిక్‌ని పిలవండి. ఈ వాయువుని పట్టే అలారాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మంచివే. పొగ అలారం మాత్రం దీన్ని పట్టదు. నన్నడిగితే ఆ డబ్బు ముందు గీజర్ మార్చడానికి పెట్టండి.

ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, జ్వరం మాత్రం లేదు అంటే, హోటల్ బిర్యానీని తిట్టుకునే ముందు బయటికి నడవండి. ఎవరైనా స్పృహ తప్పితే తలుపులు బార్లా తీసి, బయటికి లాగి, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో మొదటి మాటగా "బొగ్గులున్న గదిలో పడుకున్నారు" అనో, "జనరేటర్ నడిచింది" అనో చెప్పండి. ఎందుకంటే కరోనా అప్పుడు ఆక్సిజన్ చూడ్డానికి కొని పెట్టుకున్న వేలి క్లిప్పు ఇక్కడ మోసం చేస్తుంది. రక్తంలో ఉన్నది ఆక్సిజనా, ఈ వాయువా అని అది తేడా కట్టలేదు, 98 చూపిస్తుంది. కార్బాక్సీ హిమోగ్లోబిన్ అని వేరే రక్తపరీక్ష ఉంది, అది అడగాలి. మామూలు గాలిలో ఈ వాయువు రక్తంలో సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడితే గంటా గంటన్నర. ఇంటికొచ్చాక కొన్ని రోజులకో వారాలకో మతిమరుపు, నడకలో తూలడం కనిపిస్తే మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఆ రోజు జరిగింది గుర్తుచేయండి.