గుంత పూడ్చేటప్పుడు ఎవరున్నారు?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కాలనీ అమ్మలకు, అన్నదమ్ములకు నమస్కారం. శాలువా కప్పారు, దండ వేశారు, కార్యదర్శిగారు నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు, అందులో రెండు నిజం కూడా. ఈ వార్షికోత్సవంలో నన్ను పరిశుభ్రత మీద మాట్లాడమని కార్డులో వేశారు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయండి, నాలాలో కవర్లు పడేయకండి. అయిపోయింది. ఇక నేను చెప్పాలనుకుని వచ్చింది చెబుతాను.

రిటైరయ్యేదాకా నేను కార్పొరేషన్‌లో రోడ్ల పనులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌ని. ఏ ఊరు, ఏ సర్కిల్ అని అడక్కండి, అక్కడివాళ్ళు ఇంకా సర్వీసులో ఉన్నారు. నల్లా లైనువాళ్ళు, డ్రైనేజీవాళ్ళు, కరెంటు, ఫైబర్ కేబుల్, గ్యాస్... ఎవరు రోడ్డు తవ్వినా వెళ్ళి చూడాలి. పర్మిషన్‌లో ఉన్నంతే తవ్వారా, బారికేడ్ పెట్టారా, రాత్రి ఎర్ర లైటు వెలుగుతోందా, పూడ్చాక రోడ్డు మళ్ళీ వేశారా. 100 మీటర్లకు డబ్బు కట్టి 130 మీటర్లు తవ్వేవాణ్ణి పట్టుకోవడం పెద్ద పనేం కాదు, టేపు పడితే బయటపడతాడు. కష్టమల్లా మూసేశాక లోపల ఏముందో తెలుసుకోవడం.

మీరందరూ అనేది నాకు తెలుసు. నిన్న రోడ్డు వేశారు, ఇవాళ తవ్వారు, వీళ్ళకు ఒకరితో ఒకరికి మాటల్లేవా అని. నిజమే, ఆ తిట్లు మేం చాలానే తిన్నాం. కానీ తవ్వడం తప్పదండీ. ఇంటికి నీళ్ళు కావాలి, ఇంటర్నెట్ కావాలి. తవ్వినందుకు రోడ్డు పాడవదు, పూడ్చడం చేతకాక పాడవుతుంది. నేను వచ్చింది ఈ మాట చెప్పడానికే.

ఎలా జరుగుతుందో చూడండి. తవ్వే సంస్థ కార్పొరేషన్‌కి ముందుగా రిస్టోరేషన్ చార్జీలు, అంటే రోడ్డు మళ్ళీ వేయడానికయ్యే డబ్బు, కడుతుంది. కట్టేశాం కాబట్టి రోడ్డు సంగతి మీదే అంటుంది. కార్పొరేషన్ ఆ డబ్బుతో తర్వాతెప్పుడో వచ్చి పైన తారు వేస్తుంది. మధ్యలో ఆ మూడడుగుల మట్టి? అది తవ్వినవాడి లేబర్ అర్ధరాత్రి గబగబా తోసేసి పోయింది. పైన వేసేవాడు తన పొర వరకే జవాబు చెబుతాడు, కిందది ఎవరి ఖాతాలోనూ ఉండదు. మొదటి వానకు అదే దిగిపోతుంది, మీరు మాత్రం తారు వేసినవాణ్ణి తిడతారు.

పూడ్చడం ఎలాగంటే, ఇక్కడ డిప్లొమా పిల్లలు నలుగురైదుగురు కనిపిస్తున్నారు, మీరు వినండి నాయనా. పైపు చుట్టూ ఇసుక, ఆపైన మట్టి ఒక జానెడు మందం పోసి, కొద్దిగా తడిపి, దిమ్మిసతోనో కాంపాక్టర్‌తోనో కొట్టాలి. గట్టిపడ్డాక ఇంకో జానెడు. అట్లా పైకి వచ్చాక కంకర, ఆ తర్వాతే తారు. రోడ్డు అంచుల్ని కట్టర్‌తో నిటారుగా కోయాలి, బ్రేకర్‌తో పగలగొట్టి వదిలిన అంచు ముక్కలు ముక్కలుగా ఊడిపోతుంది. మరి బయట జరిగేదేమిటి? జేసీబీ వస్తుంది, కుప్పంతా ఒక్కసారి లోపలికి నెడుతుంది, టైరుతో రెండుసార్లు తొక్కిస్తుంది, పైన ఉబ్బెత్తుగా వదిలేస్తారు. ఇదేంటయ్యా అంటే, “సార్, బండ్లు తిరిగితే అదే కూర్చుంటుంది” అంటారు. సర్వీసంతా ఈ డైలాగ్ వింటూనే ఉన్నాను. అది నిజంగానే కూర్చుంటుంది, మీ స్కూటర్‌తో సహా.

మీకొక కిటుకు చెబుతాను, దీనికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. పూడ్చాక మట్టి ఎంత మిగిలిందో చూడండి. తవ్విన మట్టి వదులుగా ఉంటుంది, కుప్ప పెద్దదవుతుంది. బాగా కొట్టి నింపితే దాదాపు అంతా లోపలికే పోతుంది, చిన్న పైపైతే మిగిలేది తక్కువ. అలాంటి గుంత దగ్గర ట్రాక్టర్ ట్రాలీ నిండా మట్టి ఎత్తుకుపోతున్నారంటే లోపల కొట్టలేదనే అర్థం. లెక్క నమ్మని కాంట్రాక్టర్ ముందు నేను సన్నటి ఇనపచువ్వ తీసుకుని పూడ్చినచోట గుచ్చేవాణ్ణి. ఒకసారైతే వెన్నలో దిగినట్టు మూరెడు దిగింది. అతను నా మొహం చూడలేదు, చువ్వనే చూస్తున్నాడు.

మేస్త్రీల గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. పాలమూరు లేబర్ దేశంలో ఎక్కడెక్కడో కాలువలు, ట్రెంచీలు తవ్వారు, ఆ పనితనం నేను దగ్గర్నుంచి చూశాను. ఒక పెద్దాయన ఉండేవాడు, పేరు చెప్పను. గడ్డపార దెబ్బ శబ్దం మారగానే చెయ్యి పైకెత్తేవాడు, అందరూ ఆగిపోవాల్సిందే. వంగి, చేత్తో మట్టి నెమ్మదిగా పక్కకు తోసి, వరసగా పేర్చిన ఇటుకలు చూపించేవాడు. కరెంటు కేబుల్ వేసేటప్పుడు చుట్టూ ఇసుక పోసి పైన ఇటుకలు పరుస్తారు, తర్వాత తవ్వేవాడికి అదొక హెచ్చరిక. ఆఫీసులో ఉన్న డ్రాయింగు ప్రకారం ఆ కేబుల్ రోడ్డు అవతలి పక్కన ఉండాలి. మరి ఎవరిని నమ్మాలి, కాగితాన్నా, ఆయన చెవినా? 2023 మార్చి 22న ప్రధాని ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అని ఒక యాప్ ప్రారంభించారు, తవ్వబోయేవాడు కింద లైన్లున్నవాళ్ళకు ముందే తెలియజేయడానికి. మంచిదే. కానీ ఆ శబ్దం విని చెయ్యెత్తే మనిషికి రోజుకూలీ తప్ప ఇంకేం దక్కింది? సరే, పక్కదారి పట్టాను.

కాదు, ఇది పక్కదారి కాదు. ఆ పెద్దాయన గ్యాంగు పొరలు పొరలుగా కొట్టి పూడ్చేది, అందుకని లేటయ్యేది. లేటయితే కాంట్రాక్టరుకి మెషీన్ అద్దె పెరుగుతుంది, కాబట్టి తర్వాతి పనికి ఆ గ్యాంగుని పిలవలేదు. జేసీబీ ఒక్కటే వచ్చింది. కొత్తగా పూడ్చిన ఆ వీధిలోనే, తొలి వాన పడ్డ మర్నాడు, నీళ్ళ ట్యాంకర్ వెనక చక్రం గుంతలోకి దిగి ఒకవైపుకు ఒరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టి అడిగిన మాటలు ఇక్కడ చెప్పలేను, పిల్లలున్నారు. నేను అప్పటికే సైట్ ఆర్డర్ బుక్‌లో ‘కాంపాక్షన్ లేదు, బిల్లు ఆపాలి’ అని, అంటే మట్టి కొట్టి గట్టిపరచలేదని, రాసి ఉన్నాను. రాసిన వారానికే నన్ను ఓటర్ల జాబితా పనికి పంపారు. బిల్లు పాసయింది. ఈ కోపం నాకింకా పోలేదు, పోవాలని కూడా లేదు.

చట్టాలు లేవని ఎవరూ అనకండి. 2016లో కేంద్రం టెలికాం కేబుళ్ళ కోసం రైట్ ఆఫ్ వే రూల్స్, అంటే దారి వెంట లైను వేసుకునే పర్మిషన్ నిబంధనలు, తెచ్చింది, దరఖాస్తు మీద 60 రోజుల్లో ఏదీ తేల్చకపోతే పర్మిషన్ ఇచ్చినట్టే లెక్క అంది. పర్మిషన్‌కి గడువు పెట్టారు, సంతోషం. పూడ్చేటప్పుడు పక్కన నిలబడే మనిషికి గడువూ లేదు, మనిషీ లేడు. 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఏ సెక్షన్ చేర్చారు, రోడ్డు ప్రమాణాల ప్రకారం వేయక ఎవరైనా చనిపోయినా, వైకల్యం వచ్చినా కాంట్రాక్టరుకి, సంస్థకి లక్ష రూపాయల దాకా జరిమానా. లక్ష! ఒక్కసారి మీరే ఆలోచించండి, ప్రాణం పోయాక లక్ష.

హైదరాబాద్‌లో 709 కిలోమీటర్ల మెయిన్ రోడ్లను ఐదేళ్ళపాటు ఏజెన్సీలకు అప్పగించిన పద్ధతి, సీఆర్ఎంపీ అనేవారు, అంటే రోడ్ల సమగ్ర నిర్వహణ కార్యక్రమం, అందులో నాకు నచ్చింది ఒకటే. వేసినవాడే ఐదేళ్ళు చూసుకోవాల్సి వచ్చేది, కాబట్టి తన రోడ్డుని ఇంకొకడు తవ్వుతుంటే వాడికే కడుపుమంటగా ఉండేది. ఆ మంట మన గల్లీ రోడ్డుకి ఎవరికుంది? మీకే ఉండాలి, ఇంకెవరికీ ఉండదు.

పిల్లలూ, రేపు మీరు ఏఈలు, అంటే అసిస్టెంట్ ఇంజినీర్లు, అవుతారు. వీజీ-30 రకం తారు కలిపిన కంకర మిక్స్ పరిచేటప్పుడు వేడి 140 డిగ్రీలకు తగ్గకూడదని చదువుకునే ఉంటారు. లారీ ఎక్కి థర్మామీటర్ గుచ్చండి, టార్పాలిన్ కింద చల్లారిపోయిన మాల్ ఉంటే వెనక్కి పంపండి. అందరూ మిమ్మల్ని పిచ్చివాడంటారు, అననివ్వండి. కానీ అంతకంటే ముందు ఆ గుంత తెరిచి ఉన్నప్పుడు అక్కడ ఉండండి. తెల్లారాక బైకు మీద వచ్చి, పైనుంచి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే అది తనిఖీ కాదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి. ఇందాక ఒకమ్మ నా చెవిలో చెప్పారు, మన మూడో వీధిలో రేపు రాత్రి నల్లా లైనుకి తవ్వుతున్నారట. ఎవరు వస్తారు? గొడవకి కాదు, నిలబడటానికి. పర్మిషన్ కాపీ చూపించమని మర్యాదగా అడుగుదాం, ప్రతి పొరకీ టేపు పెట్టి ఫోటో తీద్దాం, తేదీ, టైము పడేట్టు. చేతులెత్తండి... వెనకాల బాబూ, మీరు? సరే. ఇంకా ఇద్దరు కావాలి, పూడ్చేది రాత్రి రెండు దాటాకే ఉంటుంది, ఒక్కళ్ళే అయితే నిద్రొస్తుంది. టేపు నేను తెస్తాను. టార్చి లైటు, ఫ్లాస్కులో టీ మీరు తెచ్చుకోండి.