ఈతలో పాతిక మీటర్లకే ఆయాసమా? ఊపిరి, ముందుకు చాచే చెయ్యి కలిపి సరిచేసుకుందాం

[తెర మీద: స్విమ్మింగ్ పూల్. ఒకాయన గట్టు పట్టుకుని రొప్పుతుంటారు.]

నమస్కారం. ముప్పై, నలభై దాటాక ఫ్రీస్టైల్ ఈత నేర్చుకున్నవాళ్లు తరచూ అనే మాట ఇది: "పాతిక మీటర్లు కొట్టేసరికి ఊపిరాడట్లేదండీ, స్టామినా లేదేమో." వీళ్లలో రోజూ ఐదు కిలోమీటర్లు హాయిగా పరుగెత్తేవాళ్లూ ఉంటారు. కాబట్టి స్టామినాను అనుమానించే ముందు, నీళ్లలో ఊపిరి వదులుతున్నారో లేదో చూసుకోండి.

మొహం నీళ్లలో పెట్టగానే తెలియకుండానే ఊపిరి బిగబడతాం. తల తిప్పినప్పుడు నోరు బయట ఉండేది క్షణమే. అందులోనే పాత గాలి వదిలి కొత్తది పీల్చాలంటే కుదరదు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఊపిరాడట్లేదన్న కంగారు పుట్టేది ముఖ్యంగా దాని వల్లే, ఆక్సిజన్ అయిపోయి కాదు.

[తెర మీద: నీళ్ల లోపల, ముక్కులోంచి సన్నగా వస్తున్న బుడగలు.]

ఛాతీ లోతు నీళ్లలో గట్టు పట్టుకుని నిలబడండి. మొహం ముంచి "మ్‌మ్‌మ్" అని కూనిరాగం తీయండి. ముక్కులోంచి బుడగలు వస్తాయి, నీళ్లు లోపలికి పోవు. ఈదేటప్పుడూ అంతే, మొహం నీళ్లలో ఉన్నంతసేపూ బుడగలు ఆగకూడదు. నోరు బయటికొచ్చాక చేయాల్సింది పీల్చడమొక్కటే. ఊపిరి బిగబట్టి నీళ్ల అడుగున ఉండే పందాలు మాత్రం వద్దు, స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

ఇక తల. ఊరి బావిలోనో కాలవలోనో నేర్చుకున్నవాళ్లకు తలెత్తి ఈదడం అలవాటు. అక్కడ ఎదురుగా ఏముందో చూసుకోవాలి, ఆ ఈత అక్కడ సరైనదే. పూల్‌లో మాత్రం తల లేచిన ప్రతిసారీ నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. భుజం, నడుము కలిసి పక్కకు తిరిగితే నోరు దానంతటదే బయటికొస్తుంది. ఒక గాగుల్ అద్దం నీళ్లలోనే ఉండాలి.

[తెర మీద: స్లో మోషన్. కుడివైపు ఊపిరి, ముందుకు చాచిన ఎడమ చెయ్యి.]

ఇప్పుడు వీడియో ఆపి ఆ ఎడమ చెయ్యి చూడండి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. తలెత్తాలంటే ఆసరా కావాలి కదా, అందుకని చాలామంది ఆ చేత్తో నీళ్లను కిందికి నొక్కేస్తారు. దాంతో ఒళ్లు పైకి లేస్తుందే గానీ ముందుకు పోదు. గాలి పీల్చుకునేసరికి చెయ్యి కిందికి జారిపోయి ఉంటుంది, ఒక బార వృథా. ఊపిరి కుదరకుండా చేతులు కుదరవని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

చెయ్యి భుజానికి సూటిగా, వేళ్లు ముందుగా దిగాలి. చెయ్యి తలకు ముందు, ఒంటి మధ్యగీత దాటితే ఒళ్లు అటూ ఇటూ ఊగుతుంది, భుజం కీలు మీదా భారం పడుతుంది. గాలి పీల్చేదాకా చెయ్యి చాచే ఉంచండి. తర్వాత మోచెయ్యి కిందికి జారనివ్వకుండా, వేళ్లు పూల్ అడుగును చూసేలా ముంజేతిని దించి, నీళ్లను వెనక్కి నెట్టండి. అప్పుడు అరచెయ్యొక్కటే కాదు, మోచేతి దాకా అంతా తెడ్డులా పనిచేస్తుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 400 మీటర్లను 3:40.59తో ప్రపంచ రికార్డుగా ఈదిన ఇయాన్ థార్ప్ వీడియోలు దొరికితే ఆ మోచెయ్యినే గమనించండి. ఆయనంత ఎత్తున పెట్టాలని మాత్రం పట్టుబట్టకండి. ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందు కూర్చున్న భుజాలు అంత వంగవు. నొప్పి రాని ఎత్తు చాలు.

[తెర మీద: ఫిన్స్ (పాదాలకు తొడుక్కునే రబ్బరు రెక్కలు) వేసుకుని పక్కకు ఒత్తిగిల్లిన ఈతగాడు.]

రెండూ కలిపి కుదిర్చే డ్రిల్ ఇది. ఒక చెయ్యి ముందుకు చాచి, రెండోది తొడ మీద ఉంచి, పక్కకు ఒత్తిగిల్లి కాళ్లాడించండి. మొహం కిందికి, బుడగలు. గాలి కావాలంటే మొహం తిప్పండి, చాచిన చెయ్యి కదలకూడదు. ఆరు కిక్‌ల తర్వాత ఒక బార వేసి అటుపక్కకు మారండి. ఫిన్స్ వేసుకోవడానికి మొహమాటపడొద్దు, కాళ్లు మునిగిపోతుంటే ఊపిరి మీద ధ్యాస ఉండదు.

మూడు బారలకోసారే పీల్చాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. గాలి చాలకపోతే రెండు బారలకోసారి పీల్చండి, లాంగ్ డిస్టెన్స్ పోటీల్లో ఈదేవాళ్లలో చాలామంది చేసేదీ అదే. కాకపోతే వెళ్లేటప్పుడు కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు పీల్చండి. మెడ ఒకే పక్కకు పట్టేయదు.