ఇంటి వడ్రంగానికి కరెంటు రంపాల ఎంపిక

సభకు నమస్కారం.

ఇంట్లో ఒక మూలనో, మేడ మీదనో, కారు నిలిపే చోటనో చెక్కపని మొదలుపెట్టాలనుకునేవారు నన్ను మొదట అడిగే ప్రశ్న, "ఏ రంపం కొనమంటారు?" అన్నది. ఒక యంత్రం పేరు చెప్పేముందు నేను వారిని రెండు విషయాలు అడుగుతాను. మీరు ఎక్కువగా కోయబోయేది ప్లైవుడ్డా, లేక అడితి నుంచి తెచ్చుకున్న కలపా? మీకున్న చోటులో చెక్కను రంపం దగ్గరకు నడిపించగలరా, లేక రంపాన్నే చెక్క దగ్గరకు తీసుకురావలసి ఉంటుందా? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఎంపికలో సగం పని అయినట్లే. ఆ జవాబు లేకుండా కొన్నవారు ఎంత ఖరీదు పెట్టినా, ఆ యంత్రం మీద బట్టలు ఆరేసుకునే స్థితికి రావడం నేను చూశాను. అది నాకు బాధ కలిగించే విషయం.

సామిల్లులు రాకముందు దుంగను గోతి మీద ఎత్తి కట్టి, ఒకరు పైన, ఒకరు కింద నిలబడి పొడవాటి రంపాన్ని లాగేవారు. అక్కడ దుంగ కదలదు, రంపం కదులుతుంది. సామిల్లు వచ్చాక ఈ వరస మారిపోయింది. రంపం ఒకచోట స్థిరంగా తిరుగుతూ ఉంటే కలపే దాని దగ్గరకు నడిచి వచ్చింది. గుండ్రని పళ్లచక్రం తిరుగుతూ కోసే, చేత్తో పట్టుకునే సర్క్యులర్ సా మళ్లీ పాత వరసను తెచ్చింది. 1920లలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఎడ్మండ్ మిచెల్ అనే ఆయన, చెరుకు నరికే కత్తికి మోటారు బిగించాలన్న ఆలోచనతో మొదలుపెట్టి చివరకు చెక్క కోసే చేతి యంత్రాన్ని తయారు చేశారు. దానిని అమ్మడానికి 1924లో షికాగోలో పెట్టిన సంస్థ తరువాత స్కిల్‌సా పేరుతో ప్రసిద్ధమైంది. ఇల్లు కట్టే చోటికే రంపం వెళ్లగలగడం ఆ యంత్రం తెచ్చిన పెద్ద సౌకర్యం. ఇరుకు ఇళ్లలో పనిచేసే మనకు కావలసినదీ అదే.

చెక్కపని వీడియోలు చూసి వచ్చినవారి మనసులో మాత్రం, బల్ల నడుమ నుంచి పళ్లచక్రం పైకి వచ్చి తిరిగే టేబుల్ సా ఉంటుంది. అది గొప్ప యంత్రం, సందేహం లేదు. ఒకే వెడల్పు గల పదిహేను బద్దలను వరుసగా, తేడా లేకుండా కోయడంలో దానికి సాటి లేదు. కానీ 8 అడుగుల ప్లైవుడ్ షీటును దాని మీద నిలువునా కోయాలంటే రంపానికి ముందు 8 అడుగులు, వెనుక 8 అడుగులు ఖాళీ కావాలి. 18 మిల్లీమీటర్ల షీటు 30 కిలోలకు పైగానే తూగుతుంది. దానిని ఒక్కరే మోస్తూ, బల్ల మీది తిన్నని అడ్డుపట్టీ అయిన ఫెన్స్‌కు ఆనించి ఉంచుతూ, తిరుగుతున్న రంపం మీదకు తిన్నగా నెట్టడం అనుభవం ఉన్నవారికే కష్టం. అందువల్ల ప్లైవుడ్‌తో అరలూ అల్మారాలూ చేసుకోవాలనుకునేవారు మొదట కొనవలసినది 185 మిల్లీమీటర్ల పళ్లచక్రం ఉన్న సర్క్యులర్ సా, దానితోపాటు తిన్నగా నడిపించే ఒక అల్యూమినియం పట్టీ, దానిని బిగించి పట్టే రెండు క్లాంపులు అని నా నిశ్చితాభిప్రాయం. పట్టీతో కలిపి అమ్మే ట్రాక్ సా కొనగలిగితే మంచిదే. లేకపోయినా పని ఆగదు.

షీటును నేల మీద రెండు అంగుళాల మందం గల థర్మోకోల్ పలకల మీద పూర్తిగా ఆనేటట్లు పరచండి. రంపం లోతును చెక్క మందం కంటే నాలుగైదు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువగా పెట్టండి. ఈ రంపం పళ్లు కింది నుంచి పైకి వస్తూ కోస్తాయి కాబట్టి చెక్క పెచ్చులు లేచేది పై ముఖం మీద. అందుచేత అందంగా ఉండవలసిన ముఖాన్ని కిందికి తిప్పాలి. టేబుల్ సా మీద ఇది సరిగ్గా తలకిందులవుతుంది. షీటును రెండు బల్లల మధ్య వేలాడేటట్లు పెట్టి నడుమ కోసేవారున్నారు. కోత సగానికి వచ్చేసరికి షీటు బరువుకు నడుము వంగి, కోసిన సందు మూసుకుని, రంపాన్ని పట్టేస్తుంది. అప్పుడు రంపం ఉన్నట్టుండి మన మీదకు వెనక్కి దూకుతుంది.

ఈ వెనక్కి తన్నడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. రంపం ఎంచుకోవడంలో నేను అన్నిటికంటే ముందు చూసేది దీనినే. టేబుల్ సాలో ముందు వైపు పళ్లు చెక్కను కిందికి అదుముతాయి, వెనుక వైపు పళ్లు పైకి లేస్తుంటాయి. చెట్టులో ఉన్నప్పటి బిగువు కోసిన చెక్కలో ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి, నిలువుగా చీలిన బద్దలు ఒక్కోసారి విడిపోయే బదులు దగ్గరకు వస్తాయి. అలా వచ్చి వెనుక పళ్లను తాకితే, ఆ పళ్లు చెక్కను పైకెత్తి, నెడుతున్న మనిషి వైపే విసురుతాయి. 254 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 53 మీటర్లు, అంటే గంటకు దాదాపు 190 కిలోమీటర్లు. చాలా ఏళ్ల కిందట ఒక మార్బుల్ కట్టర్‌ను బల్ల కింద తలకిందులుగా బిగించి నేనే ఒక టేబుల్ సా చేసుకున్నాను. కోతకు అడ్డమని దాని తొడుగు తీసేశాను. సరిగా ఆరని వేప బద్దను చీలుస్తుంటే అది బిగుసుకుని, ఎగిరి వచ్చి పక్కటెముకల కింద తగిలింది. మూడు వారాలు సరిగా వంగలేకపోయాను. తప్పు పూర్తిగా నాది.

ఆ రోజు నా బల్లకు లేనిది రైవింగ్ నైఫ్ అనే చిన్న ఇనుప రేకు. పళ్లచక్రానికి వెంటనే వెనుక నిలబడి, చక్రంతోపాటే పైకి కిందికి కదులుతూ, కోసిన సందు మూసుకోకుండా చూడటమే దాని పని. చక్రం రేకు కంటే కాస్త మందంగా, పళ్లు కోసే సందు కంటే కాస్త పలుచగా అది ఉండాలి. టేబుల్ సా కొనేవారు మోటారు శక్తి కంటే ముందు ఈ రేకు ఉందా, చక్రానికి సూటిగా ఉందా అన్నది చూడాలి. లేని యంత్రం ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. వేలు తగిలిన వెంటనే ఆగిపోయే రంపాలూ ఉన్నాయి. భౌతికశాస్త్రం చదివి అప్పట్లో న్యాయవాదిగా పనిచేస్తున్న స్టీవ్ గాస్ 1999లో ఈ ఆలోచన చేశారు. చక్రం మీద సన్నని విద్యుత్ సంకేతం నడుస్తూ ఉంటుంది. మనిషి శరీరం తగలగానే అది మారుతుంది, సెకనులో కొన్ని వేలవ వంతుల కాలంలో ఒక అల్యూమినియం దిమ్మె చక్రంలోకి దూసుకెళ్లి దానిని ఆపేస్తుంది. సాస్టాప్ పేరుతో వచ్చిన ఆ రంపాలు ఖరీదైనవి. పైగా బాగా తడిసిన చెక్కను కూడా శరీరమనుకుని ఆగే వీలుంది కాబట్టి ఆరిన కలపనే వాడాలి. చెక్క వెనక్కి తన్నడాన్ని మాత్రం అవి ఆపలేవు. దానికి రైవింగ్ నైఫ్ ఉండవలసిందే.

మార్బుల్ కట్టర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని సంగతీ చెబుతాను. మన దగ్గర వడ్రంగి మేస్త్రీలు ఎందరో 110 మిల్లీమీటర్ల ఆ యంత్రానికే చెక్క కోసే చక్రం వేసి, అద్భుతమైన పని చేస్తున్నారు. వారి చేతి నేర్పును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అది రాతి కోసం చేసిన యంత్రం. నిమిషానికి 12,000 చుట్లకు పైగా తిరుగుతుంది, దాని తొడుగు చెక్కకోతకు తగ్గట్టు మూసుకోదు. నేర్చుకుంటున్నవారు దానితో మొదలుపెట్టవద్దు. తప్పనిసరి అయితే, చక్రం మీద ముద్రించిన గరిష్ఠ వేగం యంత్రం వేగానికి తగ్గకుండా ఉందో లేదో చూడండి.

ఇక కలపతో పనిచేసేవారి విషయానికి వస్తే, రెండో రంపంగా, చోటుంటే మొదటి రంపంగానే, రెండు చక్రాల మీద పట్టీలాంటి పొడవాటి బ్లేడు తిరుగుతూ కోసే బ్యాండ్ సాను నేను సూచిస్తాను. 50 మిల్లీమీటర్ల మందం, 125 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న టేకు పలక ఒకటి మీ దగ్గర ఉందనుకుందాం. దానిని మందం వెంట చీల్చి 6 మిల్లీమీటర్ల రేకులు తీయాలి. టేబుల్ సా చక్రం ప్రతి కోతకూ 3.2 మిల్లీమీటర్ల కలపను పొట్టు చేస్తుంది. కాబట్టి 5 రేకులు వస్తాయి. బ్యాండ్ సా నష్టం ఒక్క మిల్లీమీటరు దాపుల ఉంటుంది. 7 రేకులు వస్తాయి. చిత్రిక పట్టేటప్పుడు ఇంకొంత పోతుంది, నిజమే. కానీ టేకు ధర తెలిసినవారికి ఆ రెండు రేకుల విలువ వేరే చెప్పనక్కరలేదు. 254 మిల్లీమీటర్ల టేబుల్ సా పైకి లేచేది దాదాపు 80 మిల్లీమీటర్లే కాబట్టి ఆ పలకను అటు ఒకసారి, ఇటు ఒకసారి కోయాలి. 14 అంగుళాల చక్రాలున్న బ్యాండ్ సా సాధారణంగా 150 మిల్లీమీటర్ల ఎత్తును ఒక్క ఊపున కోస్తుంది. రంపం ఎప్పుడూ చెక్కను బల్లకేసి కిందికే అదుముతుంది, అందువల్ల వెనక్కి తన్నే భయం దాదాపు లేదు. అయితే వేలు తెగే ప్రమాదం దీనిలోనూ ఉంది, మరచిపోకూడదు. ఒక్క జాగ్రత్త: మందపాటి చెక్క చీల్చడానికి అంగుళానికి మూడు పళ్లున్న వెడల్పాటి బ్లేడు, వంపులకు పావు అంగుళం బ్లేడు కావాలి. ఒకే బ్లేడుతో రెండూ చేయబోతే కోత వంకర పోతుంది, మనం యంత్రాన్ని నిందిస్తాం.

వంపుల కోతలు అప్పుడప్పుడే ఉంటే, సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడే జిగ్ సా చాలు. కొండపల్లి బొమ్మలకు వాడే పొనికి వంటి మెత్తని కర్రకైతే సన్నని చేతి రంపమే హాయిగా సరిపోతుంది. తలుపు చట్రాలు, పటాల చట్రాలు ఎక్కువగా చేసేవారికి తప్ప, కోణంలో అడ్డకోత కోసే మైటర్ సా మొదట్లో అక్కరలేదు.

యంత్రంతో వచ్చే పళ్లచక్రాన్ని నమ్ముకోవద్దు. పోగు వెంట నిలువుగా చీల్చడానికి 24 పళ్లది, అడ్డకోతకు, ప్లైవుడ్‌కు 60 పళ్లది, ఈ రెండూ విడిగా కొనండి. నడిమి రంధ్రం కొలత 16, 20, 25.4, 30 మిల్లీమీటర్లలో ఏదో యంత్రం మీద చూసుకోండి.

కరెంటు విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. 1,400 వాట్ల రంపం 230 వోల్టుల మీద 6 ఆంపియర్లు తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. టీవీ పెట్టుకునే 6 ఆంపియర్ల ప్లగ్గు దీనికి సరిపోదు. 16 ఆంపియర్ల పాయింటు, దాని వెనుక, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. చుట్టిన ఎక్స్‌టెన్షన్ తీగను పూర్తిగా విప్పి వాడాలి, లేకపోతే చుట్టలోపలే వేడెక్కుతుంది. అమెరికా నుంచి తిరిగి వస్తూ అక్కడి యంత్రాలు తెచ్చుకునేవారికి ఒక మాట: మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్‌లు; అవి 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్‌లకు చేసినవి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించగలదు గాని హెర్ట్‌జ్‌ను మార్చలేదు. హెర్ట్‌జ్‌ను బట్టే వేగం ఉండే ఇండక్షన్ మోటారు గల పెద్ద రంపం ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, వేడీ ఎక్కువవుతుంది. బరువు మోసుకొచ్చి బాధపడటం కంటే అక్కడే అమ్మి రావడం మేలు.

చెక్క పొట్టులోని సన్నని దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో, చేర్చింది. కాబట్టి దుమ్ము లాగే గొట్టం తగిలించే వీలున్న రంపాన్నే ఎంచుకోండి. మూతికి మంచి మాస్కు, చెవులకు మఫ్‌లు యంత్రంతోపాటే కొనండి. చేతులకు తొడుగులు మాత్రం వద్దు. తిరిగే చక్రం వాటిని పట్టి చేతిని లోపలికి లాగుతుంది. కండువా, వదులు చేతుల చొక్కా కూడా అంతే.

ఇప్పుడు ఇదే బల్ల మీద ఒక టేకు పలకను సర్క్యులర్ సా, టేబుల్ సా, బ్యాండ్ సా మూడింటితోనూ కోసి చూపిస్తాను. కోత సందులను మీరే దగ్గరకు వచ్చి కొలిచి చూడవచ్చు. ముందు వరుసలోని పెద్దలు దయచేసి రక్షణ కళ్లద్దాలు తీసుకుని, టేబుల్ సాకు సూటిగా ఉన్న ఆ నాలుగు కుర్చీలను ఖాళీ చేసి పక్కకు రావలసిందిగా కోరుతున్నాను.