క్రూజ్‌కి బట్టలు సర్దేది పెళ్లికి సర్దినట్టు కాదు, కొండకి సర్దినట్టు!

(మంచం మీద రెండు పెట్టెలు. ఒకటి మూత పడటం లేదు. రెండోది సగమే నిండింది.)

ఈ పెద్ద పెట్టె చూస్తా ఉండారు గదా, ఇది మా వీధిలో ఉండే అక్కది. నాలుగు రాత్రుల క్రూజ్‌కి, అంటే ఓడలోనే ఉంటా ఊళ్లు తిరిగే ప్రయాణానికి, సర్దుకున్న పెట్టె. చెన్నైలో ఎక్కి, శ్రీలంక దాకా పోయి, మళ్లీ చెన్నైలోనే దిగే ట్రిప్పు. అక్కని అడిగే చూపిస్తా ఉండాను. దీంట్లో పద్నాలుగు జతలుండాయి, కూర్చుని ఎంచినాను. మూడు పట్టుచీరలు. గాంధీ రోడ్డులో మొన్న కొన్న రెండు లాంగ్ ఫ్రాకులు, ఇంకా ట్యాగులు కూడా తీయలేదు. నాలుగు జతల చెప్పులు. స్వెట్టర్ లేదు. ఓడ మీదుండే ఈతకొలనులో దిగేదానికి పనికొచ్చే బట్ట ఒక్కటి లేదు. మొదటిరోజు చేతిలో పట్టుకునే సంచి లేనే లేదు.

"ఎందుకక్కా ఇన్ని?" అని అడిగితే, "ఓడలో రోజుకి మూడు జతలు మార్చాలంట గదమ్మా, రీల్‌లో చూపించినారు" అనింది.

ఈ మాట నాకు ఈ నెలలోనే నాలుగోసారి వినబడింది. చెన్నై నుంచి 2022లో కార్డీలియా అనే కంపెనీ క్రూజ్ ఓడ మొదలైనప్పటి నుంచి మన తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పొయ్యేవాళ్లు బాగా పెరిగినారు. సింగపూర్‌లో ఎక్కేవాళ్లూ ఉండారు. అందరూ చేసే తప్పు ఒకటే. పెళ్లికి పోతా ఉండామని సర్దుకుంటారు. కొత్త బట్టలకే పది, ఇరవై వేలు పెడతారు. దాంట్లో సగం మడత కూడా విప్పకుండా తిరిగొస్తాయి. నాకు దాని మీదే బాధ. ఆ డబ్బుతో ఇంకొక ఊరు చూసి రావచ్చు.

కాబట్టి ఈ వీడియో మొత్తానికీ ఒకటే మాట పట్టుకోండి. క్రూజ్‌కి సర్దేది కొండకి, అంటే మన తిరుమలకి, సర్దినట్టు.

పెళ్లికయితే కార్యానికొక చీర, ఎవరు చూస్తారు, ఎవరు ఫోటో తీస్తారు అని ఆలోచిస్తాం. కొండకి పోయేటప్పుడు అట్లా ఆలోచించం. నడక ఎంత, పైన చలి ఎంత, కంపార్ట్‌మెంట్లో ఎంతసేపు కూర్చోవాల, రూము ఎంత ఉంటుంది, దర్శనానికి ఏం కట్టుకోవాల, తడిగుడ్డలు యాడ ఆరేసుకోవాల. ఈ లెక్క మనకి ఎవరూ నేర్పలేదు, పుట్టినప్పటి నుంచి చూస్తా ఉండాం. ఓడకి కూడా అచ్చంగా ఇదే లెక్క.

(చిన్న చేతిసంచి పైకెత్తి)

మొట్టమొదట అలిపిరి.

నడిచిపొయ్యేటప్పుడు ఏం చేస్తాం? అలిపిరి కౌంటర్లో పెద్ద బ్యాగులు ఇచ్చేసి, రసీదు తీసుకుని, చేతులూపుకుంటా 3,550 మెట్లు ఎక్కుతాం. బ్యాగులు బండిలో పైకి వస్తాయి. ఓడ దగ్గర కూడా ఇంతే. పోర్టులో పెద్ద పెట్టెకి మీ గది నంబరు ట్యాగు కట్టి వాళ్ల చేతికిస్తారు. మీరు పాస్‌పోర్టు చూపించి పైకి ఎక్కుతారు. పెట్టె మాత్రం వెంటనే రాదు. వేల పెట్టెలు స్కానింగ్ చేసి, ఒక్కొక్క గదికీ చేర్చాల. సాయంత్రం అవుతుంది, ఒక్కోసారి రాత్రి భోజనం టైముకి వస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. మీరు మధ్యాహ్నం ఎక్కినారు. పిల్లలు కొలను చూసేసినారు. ఈతబట్టలు యాడుండాయి? ఓడ కింద అంతస్తులో, పెద్ద పెట్టెలో. చెన్నై ఎండలో చెమటతో తడిసిన చొక్కాతోనే రాత్రి దాకా తిరగాల. మెట్లెక్కేటప్పుడు మందులు, ఆధార్, ఫోను, నగలు, నీళ్లు ఎవరైనా లగేజీలో వేస్తారా? వేయరు. అదే సంచి ఇది. పాస్‌పోర్టులు, మాత్రలు, బంగారం, ఒక పలుచని జత, ఈతబట్ట, ఒక శాలువ. మొదటి ఆరేడు గంటలు మీరు ఈ సంచి మీదే బతకాల. నన్నడిగితే పెట్టె కంటే ముందు ఈ సంచి సర్దండి.

అలిపిరి మళ్లీ ఒకసారి వస్తుంది, ఆఖర్న చెప్తా.

తర్వాత రూము. కొండ మీద చిన్న రూము దొరికితే ఆరు మంది ఎట్లా సర్దుకుంటాం? బ్యాగులన్నీ మంచం కిందికి తోసేసి, కావాల్సినంత వరకే బయట పెడతాం. ఓడలో కిటికీ లేని మామూలు గది 150 నుంచి 180 చదరపు అడుగులు ఉంటుంది, స్నానాల గదితో కలిపి. బీరువా సన్నగా ఉంటుంది. నలుగురుంటే మనిషికి నాలుగైదు హ్యాంగర్లు వస్తే గొప్ప. మంచం కింద పెట్టె పట్టే చోటు ఉంటుంది, కాబట్టి మెత్తటి బ్యాగు గానీ మధ్యరకం పెట్టె గానీ తీసుకోండి. గోడలు ఎక్కువగా ఇనుప రేకువి. అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకుపోతే టోపీలు, తువ్వాళ్లు, తడిబట్టలు తగిలించుకోవచ్చు. చిన్న ఖర్చు వస్తువు, అంత మేలు చేసేది ఇంకొకటి లేదు.

ఇప్పుడు బట్ట సంగతి. దీంట్లోనే ఎక్కువ మంది దెబ్బతింటారు.

ఇస్త్రీపెట్టె తీసుకుపోకూడదు. ఆవిరితో మడతలు తీసే స్టీమర్ కూడా కూడదు. స్కానింగ్‌లో కనబడితే తీసిపెట్టుకుని దిగేటప్పుడు ఇస్తారు. నడిసముద్రంలో నిప్పంటుకుంటే జనం యాడికి పోతారు? అందుకే ఆ విషయంలో వాళ్లు అంత గట్టిగా ఉంటారు, ఉండాల కూడా. పూజ చేసుకునేవాళ్లకి కూడా చెప్తా ఉండా, కర్పూరం, అగరొత్తులు, దీపం ఇంట్లోనే పెట్టి రండి. ఆడ మనసులో దండం పెట్టుకుంటే చాలు.

ఇస్త్రీ లేదంటే ఏం కట్టుకోవాల? గంజి పెట్టిన కాటన్ చీర వద్దు. నాకు గంజి చీరలంటే ప్రాణం, అయినా వద్దంటా ఉండా. పెట్టెలోనుంచి తీసేసరికి నలిగిపోయి ఉంటుంది. మడత పడని బట్ట కావాల. జార్జెట్, క్రేప్, అల్లికబట్ట టీషర్టులు, కాటన్‌లో పాలిస్టర్ కలిసినవి. మన పక్కనే నేసే వెంకటగిరి చీర ఉంది చూడండి, సన్నటి నేత, బరువుండదు, చిన్నగా మడిచిపోతుంది. గంజి తక్కువుండేది చూసుకోండి. సాయంత్రానికి అదొక్కటి పెట్టుకుంటే చాలు.

శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టా కూడా నేను ఎప్పుడూ పెట్టుకుంటా. కాకపోతే అవి చెట్ల రంగులు, కొత్తదయితే ఒక్కోసారి రంగు వదులుతుంది. ఇంట్లో విడిగా ఒకసారి జాడించి తీసుకుపోండి, తెల్లబట్టల పక్కన తడిగా పెట్టొద్దు. చేత్తో గీసిన పని అది, జాగ్రత్తగా చూసుకోవాల.

(ఫ్యాన్ ముందర చున్నీ పట్టుకుని)

గాలి. దీన్ని ఎవ్వరూ చెప్పరు! ఓడ సుమారు 20 నాట్ల వేగంతో పోతుంది, అంటే గంటకి 37 కిలోమీటర్లు. సముద్రం మీద గాలి లేకపోయినా, పైన డెక్ మీద నిలబడితే మీ మొహానికి 37 కిలోమీటర్ల గాలి కొడతానే ఉంటుంది. ఎదురుగాలి ఉంటే దాని మీద ఇంకొంత. అదే వేగంలో స్కూటీ మీద రేణిగుంట రోడ్డులో పోయేటప్పుడు చున్నీని ఏం చేస్తారు? నడుముకి ముడేసి కట్టుకుంటారు. డెక్ మీద కూడా అట్లాగే. పైటకి రెండు పిన్నులు ఎక్కువ పెట్టండి. ఘేరు ఎక్కువుండే పొట్టి గౌనులు పైకెగిరిపోతాయి, పిల్లలకి లోపల లెగ్గింగ్ వేయండి. టోపీకి గడ్డం కింద తాడుండాల, లేకుంటే సముద్రానికి ఇచ్చేసినట్టే.

చలి. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలుంటుంది, అయినా సుప్రభాతానికి పోయేటప్పుడు పెద్దవాళ్లు స్వెట్టర్ పెట్టమంటారు గదా. ఓడలో చలి సముద్రానిది కాదు, ఏసీది. భోజనాల హాలు, నాటకాల హాలు గడ్డకట్టినట్టుంటాయి. బయట ఉక్క, లోపల వణుకు. మనిషికొక పలుచని స్వెట్టర్ గానీ శాలువ గానీ, ఒక్కటే, కానీ తప్పకుండా.

ఇప్పుడు దర్శనం డ్రెస్సు. కల్యాణోత్సవానికి మగవాళ్లు పంచె, ఉత్తరీయం, ఆడవాళ్లు చీరో, లంగాఓణీయో, దుపట్టాతో చుడీదారో వేసుకోవాల. అంతవరకే నియమం. గుడి బయట మీ ఇష్టం. ఓడలో కూడా ముస్తాబుకి నియమం ముఖ్యంగా ఒక్క చోటే ఉంటుంది, రాత్రి పెద్ద భోజనాల హాల్లో. నిక్కర్లు, ఈతబట్టలు, చేతుల్లేని బనియన్లు కుదరవు. దాంట్లో మళ్లీ ఫార్మల్ నైట్ అని, అంటే భోజనానికి ముస్తాబుగా వచ్చే రాత్రి, ఒకటుంటుంది. శానా కంపెనీల్లో మూడు, నాలుగు రాత్రుల ట్రిప్పుకి ఒకటి, ఏడు రాత్రులకి రెండు పెడతారు. దానికే జనం భయపడి సూట్లు కుట్టిస్తారు. అవసరం లేదు! మన పట్టుచీర ప్రపంచంలో యాడికి పోయినా ఫార్మలే. షేర్వాణీ కూడా అంతే. అవి లేకుంటే మంచి ప్యాంటు, కాలరు చొక్కా వేసుకుంటే ఎవరూ లేపి పంపరు. ఆ రోజు ముస్తాబు కావాలని లేకుంటే బఫేలో మామూలు బట్టలతో తినొచ్చు, అదీ మీ టికెట్లోనిదే. అంటే మూడు పట్టుచీరలు పెట్టినారు గదా అక్క, దాంట్లో పనికొచ్చేది ఒక్కటే.

(పెద్ద పెట్టెలోనుంచి రెండు చీరలు తీసి పక్కన పెడుతూ)

కొలను దగ్గర మొహమాటం లేకుండా వినండి. పుష్కరిణిలో చీరతోనే మునుగుతాం. ఓడ కొలనులో చీర, చుడీదారు, కాటన్ టీషర్టు ఒప్పుకోరు. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, దారాలు ఊడి నీళ్లు శుభ్రం చేసే ఫిల్టర్లో చుట్టుకుంటాయి. నైలాన్, పాలిస్టర్, లైక్రా బట్ట ఉండాల. ఒళ్లు కనబడుతుందని మన ఆడవాళ్లు దిగకుండా గట్టు మీద కూర్చుని పిల్లల తువ్వాళ్లు కాపలా కాస్తారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అంత డబ్బు పెట్టి వచ్చి గట్టున కూర్చోవడం ఎందుకమ్మా? చేతులు నిండుగా, కాళ్లు మడమల దాకా ఉండే ఈతడ్రెస్సులు బాగా దొరుకుతా ఉండాయి. రెండు కొనుక్కోండి, ఎందుకంటే ఆ చిన్న స్నానాల గదిలో తడిబట్ట తెల్లారేసరికి ఆరదు.

ఆరేసే విషయం కూడా. కొండ మీద కాటేజీ ముందర తాడు కట్టి ఆరేసినట్టు ఓడ బాల్కనీలో ఆరేయకూడదు, గాలికి పోతాయి, వాళ్లు ఒప్పుకోరు కూడా. స్నానం చేసేచోట లాగి కట్టుకునే తాడు శానా గదుల్లో ఉంటుంది. పలుచని బట్టలు ఆడ ఆరతాయి. జీన్సు ఆరదు, జీన్సు ఒకటి చాలు. లాండ్రీ ఉంటుంది, డబ్బులెక్కువ.

ఊళ్లలో దిగినప్పుడు గుళ్లకి పోతాం గదా. జాఫ్నా వైపు పోతే నల్లూరు కందస్వామి కోవెల తప్పకుండా చూడండి, ఆడ మగవాళ్లు చొక్కా తీసేసి లోపలికి పోవాల. కల్యాణోత్సవానికి కట్టే పంచె, ఉత్తరీయం పెట్టుకుని పోతే మీకు ఏ ఇబ్బందీ ఉండదు. బుద్ధుడి గుళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాల, శ్రీలంకలో ఎక్కువ మంది తెల్లబట్టలతో వస్తారు. ఎండకి లాంగ్ స్లీవ్ పలుచని చొక్కా.

టైం అయిపోతా ఉంది, లెక్క చెప్పేస్తా. నాలుగు రాత్రులకి మనిషికి: పైబట్టలు నాలుగు, కిందబట్టలు రెండు, సాయంత్రానికి మంచిది ఒకటి, రాత్రిబట్టలు రెండు, ఈతబట్టలు రెండు, స్వెట్టర్ ఒకటి, లోబట్టలు రోజుకొకటి చొప్పున, ఇంకో రెండు ఎక్కువ. అంతే. ఏడు రాత్రులయితే పైబట్టలు రెండు, సాయంత్రపుది ఒకటి కలపండి. ఇదిగో, ఈ సగం పెట్టెలో ఉండేది అదే.

చెప్పులు: వెనక పట్టీ ఉండే రబ్బరువి, నడిచే బూట్లు, భోజనానికి ఒక జత. ఎత్తు మడమలు వద్దు, ఓడ ఊగుతుంది, డెక్ తడిగా ఉంటుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి పోయి ఆడినుంచి అలాస్కా క్రూజ్ ఎక్కే అమ్మానాన్నలకి ఒక్క మాట. ఆ లెక్క వేరే. ఎండాకాలంలో కూడా మంచుకొండల దగ్గర గట్టి చలి, కెచికాన్ అనే ఊళ్లో ఏడాదికి 3,500 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. ఒకటే మందపు కోటు కాకుండా, లోపల థర్మల్, మధ్యలో ఉన్ని, పైన నీళ్లు దిగని జాకెట్. దాని మీద విడిగా వీడియో చేస్తా.

ఇంక రెండో అలిపిరి. ఆఖరి రాత్రి పది, పదకొండు గంటల లోపల పెద్ద పెట్టె తలుపు బయట పెట్టాల, తెల్లారి పోర్టులో తీసుకోవాల. ఆ హడావిడిలో అన్నీ సర్దేసి బయట పెట్టేస్తారు. తెల్లారి చూస్తే ఒంటి మీద నైటీ తప్ప ఏమీ ఉండదు! మా పిన్నికి అట్లానే అయింది, నైటీ మీద శాలువ కప్పుకుని ఇమిగ్రేషన్ వరసలో నిలబడింది. పెట్టె బయటికి తోసేముందు రేపటి జత తీసి మంచం మీద పెట్టండి. చెప్పులు కూడా.