మెదడుకు కుదురెక్కువైతే

శ్రోతలకు నమస్కారం.

పెద్దవాళ్లున్న ఇళ్లలో తరచూ వినపడే మాట ఒకటుంది. "నిన్నంతా బాగానే ఉన్నారండీ, పాత సంగతులన్నీ చెప్పారు. ఇవాళ చూస్తే మనవరాలి పేరు పెట్టి కూతుర్ని పిలుస్తున్నారు." ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఉండే ఈ తీరుని మనం వయసు ఖాతాలో రాసేసి ఊరుకుంటాం. మెదడు మీద పరిశోధన చేసేవాళ్లు ఊరుకోలేదు, దాన్ని కొలవడం మొదలుపెట్టారు. కొలిచేకొద్దీ వాళ్లకు కనపడింది మనం అనుకునేదానికి కొంచెం తలకిందులుగా ఉంది.

ముందు కొలిచే పద్ధతి చెబుతాను, చాలా తేలిక. మనిషిని కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. వేలి కింద ఒక బటన్ ఉంటుంది. తెర మీద చుక్క కనపడగానే నొక్కాలి. ఆ చుక్క రెండు సెకన్లకు రావచ్చు, ఐదు సెకన్లకు రావచ్చు. ముందే ఊహించి నొక్కేద్దామంటే కుదరదు. మాటవరసకి డెబ్బై ఏళ్లవాళ్లు ఇద్దరున్నారనుకోండి. మొదటాయన వరసగా 390, 410, 400, 395, 405 మిల్లీసెకన్లలో నొక్కారు. రెండో ఆయన 310, 520, 340, 480, 350. ఇద్దరికీ సగటు 400. సగటు చూసి మార్కులేస్తే ఇద్దరూ సమానం. కానీ రెండో ఆయన ఒకసారి కుర్రాడిలా నొక్కి, మరుక్షణం ఎక్కడికో వెళ్లిపోయి వస్తున్నారు. వయసు పైబడేకొద్దీ ఈ ఊగిసలాట పెరుగుతుందని, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లలో మరీ ఎక్కువగా ఉంటుందని చాలా అధ్యయనాల్లో తేలింది.

ఇంతవరకూ వింత ఏమీ లేదు. చేతి పనిలో నిలకడ లేదంటే లోపల మెదడులో కూడా నిలకడ తప్పిందనే ఎవరైనా అనుకుంటారు. కథ అడ్డం తిరిగింది అక్కడే.

కెనడాలోని టొరంటోలో బేక్రెస్ట్ అని వృద్ధుల ఆరోగ్యం చూసే సంస్థ ఉంది. అందులోని రాట్‌మన్ పరిశోధనా కేంద్రంలో డగ్లస్ గారెట్ అనే పరిశోధకుడు, తన సహచరులతో కలిసి, ఫంక్షనల్ ఎమ్మారై చిత్రాల్ని కొత్తగా లెక్కగట్టాడు. ఈ స్కానింగ్ మెదడులోని ఆలోచనను నేరుగా చూపించదు. ఒకచోట కణాలు పనిలో పడితే అక్కడికి రక్తం ఎక్కువగా పారుతుంది. ఆక్సిజన్ ఉన్న రక్తానికీ, లేని రక్తానికీ అయస్కాంత గుణం వేరు. ఆ తేడాని యంత్రం పట్టుకుని, మెదడులోని ఒక్కో చోటికి రెండు మూడు సెకన్లకొక అంకె చొప్పున ఇస్తుంది. ఆ అంకెలు పైకీ కిందకీ ఆడుతూ ఉంటాయి. అప్పటిదాకా అందరూ చేసిందేమిటంటే సగటు తీసుకోవడం, ఆ ఆటని గోల కింద లెక్కేసి అవతల పారేయడం.

గారెట్ బృందం ఆ పారేసినదాన్నే ఏరుకుంది. 2010లో వాళ్లు ప్రకటించిన ఫలితం ప్రకారం, మనిషి వయసుని పసిగట్టడంలో ఈ హెచ్చుతగ్గులు సగటు కన్నా ఐదు రెట్లకు పైగా పనికొచ్చాయి. హెచ్చుతగ్గులు ఎక్కువున్నది కుర్రవాళ్లలో. పెద్దవాళ్ల మెదడులో చాలాచోట్ల అవి తగ్గిపోయాయి. మరుసటి ఏడాది ఇంకో వ్యాసంలో, బటన్‌ని వేగంగానూ నిలకడగానూ నొక్కినవాళ్ల మెదడే ఎక్కువగా ఆడుతోందని చూపించారు. అంటే బయట పని కుదురుగా సాగాలంటే లోపల మెదడుకు కొంత కుదురు లేకుండా ఉండాలన్నమాట! అదే కేంద్రంలో ఆంథొనీ మెకింటాష్ బృందం 2008లోనే పిల్లల్లో ఈ పోలిక చూసింది. వయసు పెరిగేకొద్దీ పిల్లల మెదడు విద్యుత్ తరంగాల్లో వైవిధ్యం పెరుగుతోంది, వాళ్ల జవాబుల్లో తడబాటు తగ్గుతోంది.

ఎందుకిలా? కబడ్డీలో కూతకి వెళ్లినవాణ్ణి చూడండి. కాళ్లు ఒకచోట నిలవవు. ఎడమకీ కుడికీ ఊగుతూనే ఉంటాడు, అందుకే ఎటు కావాలంటే అటు దూకగలడు. మెదడు కూడా ఒకే స్థితిలో బిగుసుకుపోకుండా అటూ ఇటూ కదులుతుంటే, ఎదురయ్యే పనికి తగ్గ స్థితిలోకి చటుక్కున వెళ్లగలుగుతుందని ఈ రంగంలోవాళ్ల ఊహ. ఊహే సుమా, రుజువైన సంగతి కాదు. దీంట్లో డోపమైన్ అనే రసాయనానికి పాత్ర ఉండొచ్చు. వయసుతో డోపమైన్ వ్యవస్థ బలహీనపడుతుంది. 2015లో గారెట్, అప్పటికి బెర్లిన్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థలో ఉన్నాడు, డోపమైన్‌ని పెంచే యాంఫెటమిన్ మందు ఇచ్చి చూస్తే పెద్దవాళ్ల మెదడులో హెచ్చుతగ్గులు కుర్రవాళ్ల స్థాయి వైపు పెరిగాయి. ఇది విని ఎవరూ మందుల షాపుకి బయల్దేరకండి. అది ప్రయోగశాలలో డాక్టర్ల కాపలాలో ఇచ్చిన మందు, అలవాటు పడితే వదలని రకం.

నన్నడిగితే ఈ పరిశోధనలో గట్టిగా నిలదీయాల్సిన చోటు ఒకటుంది. స్కానింగ్ చూస్తున్నది రక్తప్రవాహాన్ని. వయసుతో రక్తనాళాలు గట్టిపడతాయి, బీపీ, షుగర్ ఉంటే మరీను. మరి తగ్గింది మెదడు చురుకా, నాళాల సాగుడా? ఈ అనుమానం తర్వాతి పరిశోధకులకూ వచ్చింది. గుండె, నాళాల ప్రభావాన్ని లెక్కలో తీసేసి చూస్తే వయసు తేడాలో మంచి భాగం అక్కడే తేలిపోతోందని కేంబ్రిడ్జిలో చేసిన ఒక పని సూచించింది. మెదడు విద్యుత్ తరంగాలు కొలిచినచోట బొమ్మ ఇంకాస్త చిక్కుగా ఉంది. పెద్దవాళ్లలో కొన్ని రకాల హెచ్చుతగ్గులు తగ్గితే, కొన్ని పెరుగుతున్నాయి. పైగా టొరంటో తొలి అధ్యయనంలో పాల్గొన్నవాళ్లు 50 మందికి లోపే. కాబట్టి "మీ మెదడు ఎంత ఆడుతోందో చెబుతాం" అని ఎవరైనా యాప్ అమ్మితే డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఒక్క మనిషికి ఈ కొలత చూసి జబ్బు చెప్పే పరీక్ష ఇప్పటికి ఆసుపత్రుల్లో లేదు.

ఈ స్కానింగులన్నీ ఎక్కువగా పాశ్చాత్య దేశాల చదువుకున్నవాళ్ల మీదే జరిగాయి. మన పల్లెటూరి మెదడు సంగతేమిటి? బెంగళూరులోని మెదడు పరిశోధనా కేంద్రం కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో 45 ఏళ్లు దాటినవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తోంది. ఆంధ్ర సరిహద్దు ప్రాంతం, అక్కడ తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తపరీక్షలతో పాటు కొందరికి ఎమ్మారై కూడా తీస్తున్నారు. ఇలాంటి చోటు నుంచి వచ్చే ఫలితాలకు మన ఇళ్లలో ఎక్కువ విలువ ఉంటుంది.

ఈలోగా ఇంట్లో చేయగలిగినది ఉంది. మన పెద్దాయనకి రోజుకో తీరుగా ఉంటోందంటే దానికి సరిచేయదగ్గ కారణాలు బోలెడు. బీ12 తక్కువ కావడం, థైరాయిడ్, రాత్రి నిద్ర లేకపోవడం, షుగర్ పడిపోవడం, నిద్రమాత్రలు, సరిగా వినపడకపోవడం, ఎవరికీ చెప్పుకోని దిగులు. ఒంటికి బాగా కదలిక ఉన్న పెద్దల్లో మెదడు హెచ్చుతగ్గులు ఎక్కువగా కనిపించాయని అమెరికాలో ఒక అధ్యయనం ఉంది. కదలిక వల్ల మెదడు బాగుందో, మెదడు బాగుండి కదులుతున్నారో అది తేల్చలేదు. అయినా రోజూ కాస్త నడిస్తే నష్టమేముంది?

డాక్టర్ "ఎప్పటి నుంచి?" అని అడిగితే "వయసు కదండీ" అని వచ్చేస్తుంటాం. అలా కాకుండా ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి: ఏ రోజు తడబడ్డారు, పొద్దున్నా సాయంత్రమా, అంతకుముందు ఏం తిన్నారు, ఏ మాత్ర వేసుకున్నారు, రాత్రి ఎంతసేపు నిద్రపోయారు. మూడు నాలుగు వారాల రాత ఉంటే డాక్టర్‌కి చాలా సంగతులు దొరుకుతాయి.

సెలవు. నమస్కారం.