కలిగినవాళ్ళ పిల్లలకి కూడా బడి భోజనం ఎందుకు?

అందరికీ నమస్కారం. పని మానుకుని ఇంతమంది అమ్మలు, నాన్నలు శ్రీకాకుళం దాకా వచ్చారు. మీ టైమ్ తినకుండా విషయానికి వస్తాను.

బడి భోజనం గురించి ఏ ఊళ్ళో మాట్లాడినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తోంది. "కలిగినవాళ్ళ పిల్లలకి కూడా ఉచితంగా ఎందుకండీ? ఆ డబ్బుతో లేనివాళ్ళ పిల్లలకి ఇంకాస్త మంచి తిండి పెట్టొచ్చు కదా" అని. అడిగేవాళ్ళది మంచి మనసే. అయినా ఆ మాటతో నేను ఏకీభవించను. ఎందుకో చెప్తాను.

లేనివాళ్ళెవరో తేల్చేదెవరు? మన జిల్లానే చూడండి. తండ్రి చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి నెలల తరబడి ఇంటికి రాడు. తల్లి తెల్లారకముందే పలాసలో జీడి ఫ్యాక్టరీకి పోతుంది. పిల్లల్ని చూసేది ముసలి అవ్వ. ఆ ఇల్లు డాబా కావచ్చు, లోపల టీవీ కూడా ఉండొచ్చు. కానీ పొద్దున ఆ పిల్లాడు ఏం తిని బడికి వచ్చాడో ఏ కార్డులోనూ రాసి ఉండదు. పైగా ఉచితం వాళ్ళకి ఒక వరస, డబ్బులిచ్చేవాళ్ళకి ఇంకో వరస పెట్టి చూడండి. ఎనిమిదో తరగతి పిల్ల ఆకలితోనైనా కూర్చుంటుంది గానీ, తోటివాళ్ళు చూస్తుండగా పేదవాళ్ళ వరసలో నిలబడదు. ఆ వయసు పిల్లల తల్లులకి ఇది నేను చెప్పక్కర్లేదు.

ఈ భోజనం ఎవరో దయతలచి పెడుతున్నదీ కాదు. 1995 ఆగస్టు 15న కేంద్రం పథకం మొదలుపెట్టినా, చాలా రాష్ట్రాలు వండిన అన్నం పెట్టలేదు, బియ్యం ఇచ్చి పంపేశాయి. ఆ బియ్యం ఇంటి కుండలో కలిసిపోయేవి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 నుంచి పొయ్యి వెలిగింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చాక ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇది పిల్లల హక్కు అయింది. ఆ చట్టం పిల్లల్ని రేషన్ కార్డు అడగదు. తొమ్మిది, పది తరగతులకి రాష్ట్రం తన డబ్బుతో పెడుతోంది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ పెడుతున్నారు. పల్లె నుంచి తొలి బస్సుకి బయల్దేరే ఇంటర్ ఆడపిల్లల సంగతి తలుచుకుంటే, ఇది ఎప్పుడో జరగాల్సిందనిపిస్తుంది.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. మనలో కొందరు అదే బడిలో చదివే పిల్లలకి క్యారేజీ కట్టి పంపుతున్నారు. అడిగితే అన్నం ముద్ద కట్టిందనో, సాంబారు నీళ్ళలా ఉందనో చెప్తారు. కొన్ని చోట్ల అది నిజమే. కానీ పైకి చెప్పని కారణం ఇంకోటి ఉంది. వండింది ఎవరు, పక్కన కూర్చున్నది ఎవరు అన్నది. వంటవాళ్ళ నియామకంలో దళితులకి, గిరిజనులకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలు ఒకే వరసలో కూర్చుని, ఒకే చేత్తో వడ్డించింది తినాలన్నది ఈ పథకంలో సగం విలువ. క్యారేజీ కట్టే తల్లులారా, మీ మీద కోపంతో అనడం లేదు. కానీ ఆ డబ్బా మూత తీసిన ప్రతిసారీ మీ పిల్ల ఏం నేర్చుకుంటోందో ఒక్కసారి ఆలోచించండి.

ఇంకో సంగతి కూడా ఉంది. నా దృష్టిలో అసలు కారణం ఇదే. బియ్యం లావుగా ఉన్నాయి, పిల్లలు తినట్లేదని ఏళ్ళ తరబడి ఫిర్యాదులు వచ్చాయి. 2025 జూన్‌లో బడులకి సన్నబియ్యం వచ్చాయి. అంటే అడిగితే మారుతుంది. అయితే అడిగేదెవరు? హెడ్మాస్టర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చోగలిగినవాళ్ళు. మండల ఆఫీసుకి అర్జీ రాయగలిగినవాళ్ళు. కూలికి పోయే తల్లికి ఆ తీరికా ఉండదు, ఆ ధైర్యమూ ఉండదు. గొంతు ఉన్నవాళ్ళ పిల్లలు ఆ పళ్ళెం వదిలేస్తే, ఆ పళ్ళేన్ని పట్టించుకునేవాళ్ళు ఎవరూ మిగలరు. అందుకే కలిగినవాళ్ళ పిల్లలూ అక్కడే తినాలంటున్నాను.

ఏం అడగాలో కూడా తెలిసి ఉండాలి. ప్రాథమిక బడి పిల్లాడికి రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. ఆరు నుంచి ఎనిమిది వాళ్ళకి 150, 30, 75. బియ్యం కాకుండా పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంటచెరకు అన్నిటికీ కలిపి కేంద్రం లెక్క ప్రకారం 2025 మే నుంచి చిన్నపిల్లలకి ₹6.78, పెద్దపిల్లలకి ₹10.17. ఈ ధరలో చిక్కటి సాంబారు ఎలా వస్తుందో మీరే చెప్పండి. బిల్లు ఆలస్యమైతే వంట చేసే ఆమె కిరాణా కొట్లో అప్పు పెట్టి పప్పు తేవాలి. ఆమెకి మన రాష్ట్రంలో ఇచ్చే గౌరవ వేతనం నెలకి ₹3,000. సాంబారు పల్చగా ఉందని ఆమె మీద అరిచే ముందు, బిల్లు ఎన్ని నెలలుగా ఆగిందో కనుక్కోండి. బిల్లు కోసం పోరాటం ఆమె ఒక్కతే చేయగలిగేది కాదు.

ఉద్దానం వైపు తల్లిదండ్రులు అడిగేది వేరు. కవిటి, సోంపేట, కంచిలి ఊళ్ళలో కిడ్నీ జబ్బు చూసినవాళ్ళు "ఏ నీళ్ళతో వండుతున్నారు?" అని అడుగుతున్నారు. అలా అడగడం పూర్తిగా న్యాయం. ఆ ప్రశ్నకి ప్రతి బడీ జవాబు చెప్పాలి, ఆ జవాబు గోడ మీద రాసి ఉండాలి.

బడిలో ఇచ్చే రాగిజావ గురించి ఒక్క మాట. అది మన చోడి అంబలి లాంటిదే. పిల్లలు మొహం తిప్పుకుంటే ఇంట్లో కూడా వారానికి రెండు రోజులు కాయండి, అలవాటవుతుంది.

చివరిగా రెండు పనులు. వరసగా మూడు బడి రోజులు గానీ, నెలలో ఐదు రోజులు గానీ భోజనం పెట్టకపోతే బాధ్యులెవరో రాష్ట్రం తేల్చాలని 2015 నిబంధనలు చెప్తున్నాయి. భోజనం పెట్టని రోజులకి పిల్లలకి భత్యం కూడా రావాలి. ఆ తేదీలు మీరు రాసి పెట్టుకోండి. రెండోది, వచ్చే వారం నుంచి ప్రతి బడిలో రోజూ ఒక తల్లో తండ్రో వడ్డనకి ముందే వెళ్ళి రుచి చూడాలి. ఎవరు ఏ రోజు వెళ్తారో ఈ మీటింగ్ అయ్యేలోపే పేర్లు రాసుకుందాం. ముందు క్యారేజీ కట్టేవాళ్ళ పేర్లు ఇవ్వండి.