సాఫ్ట్‌వేర్ టెన్షన్ తర్వాత, ముందు మాత్రల సంగతి

(బెంగళూరులోని ఒక స్టూడియోలో మానసిక జబ్బు ఉన్నవాళ్లని మీడియా చూపించే తీరు మీద సోమవారం సాయంత్రం తెలుగులో జరిగిన చర్చ ఇది. రికార్డింగ్ విని రాశాను. అందరూ ఒకేసారి అరిచిన చోట వినబడినంతే రాశాను. పేర్లు పెట్టలేదు.)

యాంకర్: నమస్కారం. పోయిన వారం బస్‌స్టాప్ దగ్గర ఒకాయన అరుస్తుంటే ఒక చానెల్ 'సైకో హల్‌చల్' అని గంటసేపు లైవ్ నడిపింది, ముఖం దాచలేదు, ఇంటి గేటు కూడా చూపించింది. సార్, ఇది ఐటీ ఉద్యోగాల టెన్షన్ వల్లేనంటారా?

మాజీ ఎడిటర్: ముప్పై ఏళ్లు డెస్క్‌లో కూర్చున్నవాణ్ణి, నేను చెప్తాను. లైవ్ ఇవ్వడం తప్పు కాదు. రోడ్డు మీద జరిగింది వార్తే. ముఖం దాచాల్సింది, అంతవరకే తప్పు. దీన్ని పట్టుకుని మీడియా మొత్తాన్ని...

సోషల్ వర్కర్: సార్, అంతవరకే ఎలా అవుతుంది? 2017 మానసిక ఆరోగ్య చట్టం, 2018 మే నుంచి అమల్లో ఉంది. చికిత్సలో ఉన్న మనిషి ఫొటో గానీ వివరాలు గానీ ఆ మనిషి ఒప్పుకోకుండా మీడియాకి ఇవ్వకూడదు. 24వ సెక్షన్...

మాజీ ఎడిటర్: అది ఆసుపత్రిలో ఉన్నవాళ్ల గురించమ్మా! ఆయన ఉన్నది బస్‌స్టాప్‌లో. సెక్షన్ మొత్తం చదవండి.

సోషల్ వర్కర్: చదివాను కాబట్టే చెప్తున్నాను. సెక్షన్ వర్తించకపోతే ఇంటి గేటు చూపించొచ్చా? ఆ ఇంట్లో వాళ్లమ్మ రేపు పాల ప్యాకెట్ కోసం బయటికి రావాలి కదా.

యాంకర్: మంచి పాయింట్. కానీ మేడమ్, నైట్ షిఫ్టులు, టార్గెట్లు, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్, వీటి వల్ల కూడా...

సోషల్ వర్కర్: ఆయన ఏ ఉద్యోగం చేస్తాడో మీకు తెలుసా?

యాంకర్: తెలియదు. జనరల్‌గా అడుగుతున్నాను.

(ఈ 'జనరల్‌గా' ఇంకో మూడుసార్లు వచ్చింది, నేను ఒక్కసారే రాశాను.)

అక్క: అన్నా, నన్నొక మాట మాట్లాడనిస్తారా? మాది ఆంధ్రా బార్డర్ దగ్గర పల్లె. మా తమ్ముడికి తొమ్మిదేళ్లుగా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. వాడికి ఐటీ లేదు, ఏమీ లేదు. గొర్లు కాసేవాడు. మంగళవారం తాలూకా ఆసుపత్రికి మానసిక డాక్టరు వస్తాడంటారు, పోతాం. ఒక వారం డాక్టరుంటాడు, మాత్రలుండవు. ఇంకో వారం మాత్రలుంటాయి, రాసిచ్చేవాళ్లుండరు. ఆసుపత్రి పేరు చెప్పను, మళ్లీ అక్కడికే పోవాలి. మందు ఆగిన నెలలోనే వాడు రోడ్డెక్కుతాడు. అప్పుడు వస్తారన్నా మీ కెమెరాలు.

మాజీ ఎడిటర్: చూశారా, ఇదే నేను చెప్పేది!

సోషల్ వర్కర్: మీరు ఇంతసేపూ చెప్పింది వేరే సార్.

మాజీ ఎడిటర్: చెప్పనివ్వండమ్మా. ఎనభైల్లో నిమ్హాన్స్, అదే మన బెంగళూరు మానసిక వైద్య సంస్థ వాళ్లు బళ్ళారి జిల్లాలో ప్రయోగం చేశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకీ ఆరోగ్య కార్యకర్తలకీ ట్రైనింగ్ ఇచ్చి, ఊళ్లోనే వైద్యం అందించారు. 1996లో దేశమంతా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చిందంటే దానికి మూలం బళ్ళారే. అప్పుడు నేను బస్సులో వెళ్లి మరీ రాశాను! ఇప్పటి కుర్రాళ్లకి ఫేస్‌బుక్ చూసి రాయడం తప్ప...

సోషల్ వర్కర్: అదే అడుగుతున్నాం సార్. అప్పుడు రాశారు, సంతోషం. ఇవాళ ఏ ఊళ్లో మందుల స్టాకు ఉందో, ఏ ఊళ్లో డాక్టరు పోస్టు ఖాళీగా ఉందో ఎవరు రాస్తున్నారు? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందట్లేదని తేలింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో కర్ణాటక లేదు, ఆంధ్ర లేదు, తెలంగాణ లేదు. అంటే మన ఊళ్ల సంగతి మన విలేకరి వెళ్లి చూస్తేనే...

మాజీ ఎడిటర్: విలేకరికి జీతం ఎవరిస్తారు? మండల విలేకరి అంటే ఏంటో మీకు తెలుసా? యాడ్ తెస్తే కమీషన్, తేకపోతే కార్డు వెనక్కి. స్టాకు రిజిస్టర్ చూడమంటే ఎలా చూస్తాడు?

(ఇది నిజమే. ఆయన అరవకుండా చెప్పిన మాట ఇదొక్కటే.)

యాంకర్: సార్, డబ్బు టెన్షన్ కూడా ఒక రకంగా ఉద్యోగ టెన్షనే కదా?

మాజీ ఎడిటర్: నూటికి నూరుపాళ్లు! అదీ పాయింటు. సినిమాల్లో ఎర్రగడ్డ జోకులు చూడండి, పిచ్చాసుపత్రి పేరెత్తగానే నవ్వు. అసలు తప్పంతా సినిమా వాళ్లది.

సోషల్ వర్కర్: మళ్లీ పక్కకి పోతున్నాం. కనీసం మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను, టెలీ మానస్ నంబరైనా స్క్రోలింగ్‌లో వేయండి, 14416. 2022 నుంచి ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. డబ్బులు అక్కర్లేదు.

యాంకర్: తప్పకుండా, ఇప్పుడే వేస్తాం.

(వేయలేదు. కింద బంగారం ధర నడుస్తూనే ఉంది.)

మాజీ ఎడిటర్: నంబర్లతో అయ్యే పని కాదు. నేను మళ్లీ చెప్తున్నాను, లైవ్ తప్పు కాదు. జనానికి తెలియాలి.

అక్క: ఏం తెలిసింది సార్ జనానికి? మా తమ్ముణ్ణి పోయినేడు అట్లే తీశారు. వాడికిప్పుడు సంబంధం కాదు కదా, కూలికి కూడా పిలవట్లేదు.

(కొన్ని సెకన్లు ఎవరూ మాట్లాడలేదు.)

యాంకర్: చాలా బాధాకరం. టైమ్ అయిపోతోంది. సార్, ఒక్క ముక్కలో.

మాజీ ఎడిటర్: ఒక్క ముక్కలో అంటే, మూడు విషయాలు...

(నాలుగు నిమిషాలు మాట్లాడారు. బళ్ళారి రెండుసార్లు వచ్చింది.)

యాంకర్: అద్భుతంగా చెప్పారు సార్. అంటే మీడియాని మాత్రమే తప్పుపట్టలేం, ఐటీ ఒత్తిడి గురించి కూడా...

అక్క: అన్నా, రేపు మంగళవారం. డాక్టరు వస్తాడో రాడో ముందే తెలుసుకోవాలంటే ఎవరికి ఫోన్ చేయాలి? రానుపోను ఛార్జీ, ఒకరోజు కూలి పోతాయి మాకు.

యాంకర్: చిన్న బ్రేక్ తీసుకుందాం.

మాజీ ఎడిటర్: బళ్ళారిలో అయితే అమ్మా, అప్పట్లో...